పద్నాలుగు మంది, ఒక పడవ

ఉమ్మడిగా యాత్రకు బయల్దేరే కుటుంబాలు విమానం టికెట్లకీ హోటల్ గదులకీ నెలల తరబడి తంటాలు పడతాయి. తీరా వెళ్లాక ఏ రోజు ఎవరికి ఎలా గడవాలన్న సంగతి మాత్రం "అక్కడికెళ్లాక చూసుకుందాం" అని వదిలేస్తాయి. తిరుమలలోనో ఊటీలోనో ఆ పద్ధతి ఎలాగో నడిచిపోతుంది. ఆలస్యమైనవాళ్లు వెనకాల ఇంకో ఆటోలో వస్తారు, అలసినవాళ్లు మధ్యలోనే గదికి వెళ్లిపోతారు. ద్వీపం చూడబోయిన రోజున ఈ రెండూ కుదరవు. పడవ బయల్దేరే వేళకి అందరూ రేవులో ఉండాలి. ఒకసారి దిగాక, మళ్లీ పడవ ఎక్కించుకునేదాకా అందరూ అక్కడే ఉండాలి. మోకాళ్ల నొప్పుల అమ్మమ్మ, నాలుగేళ్ల మనవడు, ఫోను వదలని ఇంటర్ కుర్రాడు, నిన్నటి గొడవ ఇంకా మనసులో పెట్టుకున్న ఇద్దరు తోటికోడళ్లు, అందరికీ అదే నేల, అదే ఎండ.

అండమాన్‌నే తీసుకుందాం. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ఎల్‌టీసీ మీద అక్కడికి విమానంలో వెళ్లే వెసులుబాటు ఉండటంతో మనవైపు నుంచి అక్కలు, బావలు, అత్తామామలు కలిసి గుంపుగా వెళ్లే కుటుంబాలు చాలా కనిపిస్తాయి. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు కానీ బజారులో ఇంకా పాత పేరే వినిపిస్తుంది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి ఏనాడో వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు అక్కడ ఎక్కువే. ఆటో ఎక్కినా చేపల మార్కెట్‌కి వెళ్లినా మన మాట చెవిన పడుతుంది. పెద్దవాళ్లకు అదొక పెద్ద ధైర్యం.

అక్కడ అందరూ చూసే ఒక రోజు ఉంది. పొద్దున అబర్డీన్ జెట్టీలో పడవెక్కి రాస్ ద్వీపం, అక్కణ్నుంచి నార్త్ బే, సాయంత్రం సెల్యులార్ జైలు, రాత్రి జైల్లో సౌండ్ అండ్ లైట్ షో. కాగితం మీద చూస్తే ఇది ఇట్టే అయిపోయే రోజు. రాస్‌కు పడవలో పావుగంట కూడా పట్టదు. ఇద్దరు భార్యాభర్తలైతే హాయిగా తిరిగొస్తారు. పద్నాలుగు మంది ఉన్న కుటుంబానికి మాత్రం ఈ పట్టిక పనికిరాదని నా గట్టి అభిప్రాయం.

ఒక చోటు తగ్గించండి

పద్నాలుగు మంది ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదలడానికి పట్టే సమయం నడకలో పోదు, ఆగడంలో పోతుంది. ఒకరు బాత్‌రూమ్‌కి వెళ్తారు. వాళ్లొచ్చేలోగా ఇంకొకరు కొబ్బరిబోండాం దగ్గర నిలబడతారు. బోండాం తాగుతుంటే పిల్లాడు చెప్పు తెగిందంటాడు. ఎవరి తప్పూ ఉండదు, అరగంట గడిచిపోతుంది. అందుకే పెద్ద కుటుంబం రోజు పట్టికను గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవారి దగ్గర మొదలుపెట్టి రాసుకోవాలి. ముందు ఒక కాగితం తీసుకుని ఆ ఒక్కరి పేరు రాయండి. ఆవిడ ఎన్ని మెట్లు ఎక్కగలరు, ఎంతసేపు నిలబడగలరు, ఎన్ని గంటలకు మాత్ర వేసుకోవాలి, ఎన్ని గంటలకు తినాలి అన్నవి పక్కన రాయండి. మిగతావాళ్ల సరదాలన్నీ ఆ వేళల మధ్య సర్దుకుంటాయి.

అలా రాసి చూసుకుంటే మూడు చోట్లు రెండవుతాయి. ఏది తీసేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు నేనైతే రాస్‌ను ఉంచుకోమంటాను. పేరుకు చిన్న ద్వీపమే గానీ అన్ని వయసులవాళ్లకూ ఏదో ఒకటి దొరికే చోటు అది. 1858 తర్వాత ఎనభై ఏళ్లకు పైగా బ్రిటిష్‌వాళ్లు అండమాన్లను ఏలింది ఇక్కడి నుంచే. చర్చి, బేకరీ, అచ్చాఫీసు, ఈతకొలను, డ్యాన్సుల హాలు, అన్నీ కట్టుకున్నారు. 1941 జూన్‌లో పెద్ద భూకంపం వచ్చింది, మరుసటి ఏడాది మార్చిలో జపాన్ సైన్యం దిగింది. ఇప్పుడా గోడలను మర్రిజాతి చెట్ల వేళ్లు పట్టుకుని నిలబెట్టాయి. పైకప్పు ఎప్పుడో పోయిన గదిలో నిలబడి తలెత్తితే, ఇటుకల మీదుగా కిందికి దిగిన వేళ్లు మనిషి నడుమంత లావున కనిపిస్తాయి. చరిత్ర ఇష్టమైన పెదనాన్నకు అది చాలు. పిల్లలకు జింకలు, నెమళ్లు ఉన్నాయి. నడవలేనివాళ్లకు బ్యాటరీ బండి ఉంది. నేతాజీ 1943 డిసెంబరు 30న పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేసిన జ్ఞాపకంగా 2018లో ఈ ద్వీపానికి ఆయన పేరు పెట్టారు. ఆ కథ ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర తాతయ్య చేత చెప్పించండి. మర్నాడు పిల్లలు పడవ దిగే ముందే ఆయన పేరు ఎక్కడ కనిపిస్తుందా అని వెతకడం మొదలుపెడతారు.

నార్త్ బేకి వెళ్లాల్సింది నీటి ఆటలు ఆడేవాళ్లు. అందరూ వెళ్లి తీరాలన్న నియమం ఏమీ లేదు. రాస్ చూసి సగం మంది గదికి తిరిగొచ్చి, మిగతా సగం నార్త్ బేకి వెళ్లే ఏర్పాటు చేసుకోవచ్చు. అయితే ఒకే టికెట్ మీద రెండు చోట్లూ తిప్పే పడవలో మధ్యలో విడిపోవడం కష్టం, ఏ పడవలో వెళ్లారో అదే పడవలో తిరిగి రావాలి. కాబట్టి విడిపోయే మాట టికెట్ కొనే ముందే తేల్చుకుని, రాస్ వరకే తీసుకునేవాళ్లెందరో, రెండూ తీసుకునేవాళ్లెందరో కౌంటర్ దగ్గర చెప్పండి. రాస్‌లోకి వారంలో ఒక రోజు ఎవరినీ రానివ్వరు. అది ఏ రోజో కూడా అప్పుడే అడగండి.

"మీరెళ్లి రండి, నేనిక్కడ కూర్చుంటా"

ఈ మాట వినని తెలుగు కుటుంబం ఉండదు. మెట్లు కనపడగానే, ఎండ ముదరగానే, గుంపులో పెద్దావిడ ఎవరో ఒకరు అంటారు. వెంటనే రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. "అదేం కుదరదు, ఇంత దూరం వచ్చి చూడకుండా ఎలా?" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లే ప్రేమ ఒకటి. "సరే అయితే, ఈ సంచులు చూస్తూ ఉండమ్మా" అని నాలుగు బ్యాగులు ఆవిడ పక్కన పెట్టి వెళ్లిపోయే తొందర ఇంకొకటి. మొదటిదాంట్లో మోకాళ్లు పోతాయి. రెండోదాంట్లో మనిషే పోతుంది. ఆవిడ యాత్రకు వచ్చినట్టు కాదు, సామాను కాపలాకి వచ్చినట్టు.

ఆ మాట వెనక ఉన్నది ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుంది. నిజంగా అలసి, గాలికి కాసేపు కూర్చోవాలనిపించి అనేవాళ్లున్నారు. మెట్లు ఎక్కాలనే ఉన్నా, తన వల్ల అందరికీ ఆలస్యమవుతుందేమోనన్న బెంగతో అనేవాళ్లున్నారు. బండికి డబ్బు దండగ అనుకుని అనేవాళ్లూ ఉన్నారు. ఆ నిమిషంలో అందరి ముందూ నిలదీసి అడిగితే ఏ ఒక్కరూ నిజం చెప్పరు. అందుకే ముందు రోజు రాత్రి, ఒంటరిగా ఉన్నప్పుడు, ఆవిడకు చనువున్న ఒక్కరు పక్కన కూర్చుని అడగాలి. ఎక్కువసార్లు ఆ చనువు కూతురికంటే మనవరాలికే ఉంటుంది. "అమ్మమ్మా, రేపు దీవిలో పైదాకా బండి ఉందిట. పైకెళ్లి సముద్రం చూద్దామా, కింద చెట్ల కింద కూర్చుందామా?" అని రెండు దారులు చూపించి అడగండి. రెంటిలో ఏది చెప్పినా అది ఆవిడ కోరుకున్నదే అవుతుంది, త్యాగం చేయాల్సిన అవసరం రాదు.

కూర్చుంటానంటే కూర్చునే చోటు కూడా చూడదగ్గదై ఉండాలి. రాస్‌లో పడవ దిగి నాలుగడుగులు వేస్తే కొబ్బరిచెట్ల నీడ ఉంది. కాసేపు కదలకుండా కూర్చుంటే జింకలు వాటంతట అవే దగ్గరకొస్తాయి. పైకి పరుగెత్తిన పిల్లలకు దూరం నుంచి కనిపించిన జింక, కింద నిశ్చలంగా కూర్చున్న పెద్దావిడకు చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో చెవులు ఆడిస్తూ నిలబడుతుంది. ఆవిడ పక్కన ఒకరు ఉండాలి, అదీ వంతులవారీగా. సగం సేపు అల్లుడు, సగం సేపు పెద్ద మనవడు. ఎవరెప్పుడన్నది ముందే చెప్పుకుంటే "మళ్లీ నేనేనా" అన్న సణుగుడు రాదు. సంచులు మాత్రం ఆవిడ దగ్గర వదలకండి. ఎవరి సంచి వాళ్ల భుజానే. పదేళ్లు దాటిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ సొంత సంచి, అందులో సొంత టవల్, సొంత నీళ్ల సీసా, ఒక జత బట్టలు. ఇది పెద్దావిడకే కాదు, కోడళ్లకూ ఊపిరి. ఇంట్లో ఏడాది పొడుగునా "అమ్మా నా టవలేది", "పిన్నీ నా టోపీ ఏది" అన్న ప్రశ్నలకు జవాబు చెప్పే మనిషి ఆ ఒక్కరోజైనా సముద్రం వైపు చూడాలి కదా.

పడవ దగ్గర మొహమాటం వద్దు

2014 జనవరి 26న, ఇదే పోర్ట్ బ్లెయిర్ దగ్గర, మోయగలిగిన దానికన్నా ఎక్కువమందిని ఎక్కించుకున్న పర్యాటకుల పడవ మునిగి 20 మందికి పైగా చనిపోయారు. 2017 నవంబరు 12న కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయారు, వాళ్లలో ఎక్కువమంది ఒంగోలు నుంచి కలిసి వచ్చినవాళ్లు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరి సుమారు 50 మందిని మింగింది. మూడు చోట్లా వెళ్లింది సరదాగా సెలవు గడపడానికే. ఈ తేదీలు రాస్తుంటే నా చెయ్యి ఆగుతుంది, అయినా రాయక తప్పదు. ఎందుకంటే గుంపుగా వెళ్లినప్పుడు మనలో ఒక మొహమాటం ఉంటుంది. పడవ నిండిందని తెలుస్తూనే "ఇంకో ముగ్గురే కదా, మావాళ్లే, సర్దుకుంటాం" అని మనమే అడుగుతాం. అడగకండి. పద్నాలుగు మందికీ చోటు లేకపోతే ఏడుగురు ఒక పడవలో, ఏడుగురు తర్వాతి పడవలో వెళ్లండి. ఈ పడవ ఎంతమందికి, ఇప్పుడు ఎంతమంది ఎక్కారు అని అడిగే బాధ్యత ముందే ఒకరికి అప్పగించండి. ఆ ఒక్కరు వద్దన్నారంటే ఇంట్లో అందరికన్నా పెద్దవారైనా సరే దిగాల్సిందే.

లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకోవడం ఒక్కటే సరిపోదు, పట్టీ బిగించాలి. పిల్లల కొలత జాకెట్ పిల్లలకే వేయాలి. పెద్దవాళ్ల జాకెట్ చిన్నపిల్ల మీద వదులుగా వేలాడితే నీటిలో పడ్డప్పుడు అది తల మీదుగా జారిపోతుంది. చీరమీద జాకెట్ వేసుకునే ఆడవాళ్లు కొంగు లోపలికి దోపుకోవాలి. ఆ రోజుకు సల్వార్ కమీజ్ మేలని అత్తగారికైనా చెప్పండి. చాలామంది ఆనందంగానే ఒప్పుకుంటారు, ఎవరైనా అడగాలనే చూస్తుంటారు.

అన్నిటికన్నా ప్రమాదమైన క్షణం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వస్తుంది. రేవు కదలదు, పడవ అలలతో పాటు ఒక మూర లేస్తూ పడుతూ ఉంటుంది. పడవవాడు చెయ్యి అందిస్తాడు. పడవ పైకి లేచి రేవు మట్టానికి వచ్చే దాకా ఆగి, అప్పుడు ఒకే అడుగులో దాటాలి. చేతిలో సంచీ ఉండకూడదు, ఫోను అసలు ఉండకూడదు. పెద్దవాళ్లకు ముందు ఒకరు, వెనక ఒకరు ఉండాలి. వెనకవాళ్లు తోయకూడదు, "తొందరగా" అనకూడదు. ఆ నాలుగు నిమిషాలు ఎవరూ ఫొటోలు తీయకుండా ఉంటే ఇంకా మంచిది.

వాంతుల భయం ఉన్నవాళ్లు ఖాళీ కడుపుతో ఎక్కకూడదు, పూరీలు తిని కూడా ఎక్కకూడదు. రెండు ఇడ్లీలు చాలు. డాక్టరు చెప్పిన మాత్ర ఉంటే పడవ కదిలాక కాకుండా, ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి. పడవలో వెనకవైపు మధ్యలో కూర్చుని దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీత వైపు చూడమనండి. ఫోనులోకి చూస్తే కడుపులో తిప్పుతుంది.

పిల్లలు ఎవరి కంట్లో ఉన్నారు?

నార్త్ బే ఒడ్డున తొమ్మిది మంది పెద్దవాళ్లు, అయిదుగురు పిల్లలు ఉంటే పిల్లలకు ఏ భయమూ లేదనిపిస్తుంది. నిజానికి అప్పుడే భయం ఎక్కువ. తల్లి, మేనత్త చూస్తోందనుకుంటుంది. మేనత్త, బాబాయి దగ్గరున్నాడనుకుంటుంది. బాబాయి ఫొటోకి కోణం వెతుకుతుంటాడు. నీటిలో మునిగే పిల్ల సినిమాలో మాదిరిగా అరవదు, చేతులు ఊపదు. నోట్లోకి నీళ్లు పోతుంటే గొంతు పెగలదు. పక్కనే నిలబడ్డవాళ్లకు కూడా తెలియకుండా నిమిషం లోపే జరిగిపోతుంది.

దీనికి రెండు ఏర్పాట్లు చేసుకోండి. ప్రతి పిల్లకీ తల్లిదండ్రులు కాక ఇంకొక పెద్దను ఆ రోజుకు జోడీ కట్టండి. మావయ్యకు మేనకోడలు, పెద్దత్తకు చిన్న మనవడు. పిల్లలు అమ్మ మాటకంటే అత్త మాట త్వరగా వింటారు, తల్లిదండ్రులకూ కాస్త వెసులుబాటు. గుంపు కదిలిన ప్రతిసారీ తలలు లెక్కపెట్టే పని ఉండదు, "నీ జోడీ ఉందా?" అంటే చాలు. ఇక పిల్లలు నీటిలో దిగినంతసేపూ ఒక మనిషి ఫోను పక్కనపెట్టి, కబుర్లు మానేసి, నీళ్ల వైపే చూస్తూ నిలబడాలి. ఇరవై నిమిషాలకు మనిషి మారాలి. మారేటప్పుడు "ఇప్పుడు నేను చూస్తున్నా" అని నోటితో చెప్పాలి. మనసులో అనుకుంటే చెల్లదు. చేతికి ఒక ఎర్ర రిబ్బనో రుమాలో కట్టి, మారినప్పుడల్లా అది చేతులు మారేలా చేస్తే ఇంకా స్పష్టం.

పిల్లలకు పని కూడా ఇవ్వండి. ఎర్రటి పాత ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్ల మధ్య సముద్రం బొమ్మ ఉంటుంది. అది ఇక్కడి నార్త్ బే దృశ్యమే. ఇంట్లో అలాంటి నోటు ఉంటే వెంట తీసుకెళ్లి, ఒడ్డున నిలబడి ఆ బొమ్మలోని దీపస్తంభాన్ని కనిపెట్టమనండి. గవ్వలు, పగడపు ముక్కలు ఏరడం మాత్రం మొదటి నిమిషంలోనే ఆపండి. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి. చచ్చిన ముక్క అయినా సంచిలో వేసుకుంటే విమానాశ్రయంలో పట్టుకుంటారు. అక్కడ పిల్లాడి చేతిలోంచి లాక్కోవడం కంటే ఒడ్డు మీదే నచ్చజెప్పడం తేలిక.

డబ్బు మాట

స్కూబా, సీ వాక్, గాజు అడుగు పడవ, వీటి ధరలు మనిషికి వందల నుంచి వేల దాకా ఉంటాయి. పడవ కదలగానే వీటిని అమ్మేవాళ్లు వివరాలు చెప్పడం మొదలుపెడతారు. పెద్దబావకు ఒక్కడే కొడుకు, చిన్నబావకు ముగ్గురు పిల్లలు, తమ్ముడి ఉద్యోగం ఈ మధ్యే పోయింది. "అందరం చేద్దాం!" అని ఒకరు ఉత్సాహంగా అనగానే తమ్ముడి భార్య మొహం ఎలా మారిందో ఎవరూ చూడరు. ఆ ఒక్క మాట రాత్రి గదిలో భార్యాభర్తల గొడవై కూర్చుంటుంది.

నేను చెప్పేది ఒక్కటే. ఈ ఆటల సంగతి ఊరు నుంచి బయల్దేరకముందే, ఇంటి దగ్గరే తేల్చుకోండి. పడవలు, భోజనాలు, బండ్లు ఉమ్మడి ఖర్చు. నీటి ఆటలు ఎవరివి వాళ్లవి. లేదా తాతయ్య తన వంతుగా పిల్లలందరికీ ఒకే ఆట, ఒకే ధరలో ఇప్పిస్తానంటే అంతకంటే మంచిది లేదు. ఉమ్మడి డబ్బు ఒకరి దగ్గర, లెక్క రాసేది ఇంకొకరు. ఆ లెక్క ఆ రాత్రే అందరూ ఉన్న వాట్సాప్ గుంపులో పెట్టాలి. ద్వీపాల్లో సిగ్నల్‌ను నమ్ముకోకుండా కొంత నగదు కూడా ఉంచుకోండి. ఇంకో మాట: ఉబ్బసం, గుండె జబ్బు, చెవి పోటు ఉన్నవాళ్లు నీటి లోపలికి దిగే ఆటలు డాక్టరును అడగకుండా ఆడకూడదు. స్కూబా చేసిన రోజునే విమానం ఎక్కకూడదు. తిరుగు టికెట్ చూసుకుని నార్త్ బే రోజును యాత్ర మొదట్లోకి జరపండి.

సాయంత్రం

అండమాన్లు దేశానికి బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. అందువల్ల అక్కడ పొద్దు మనకన్నా ముందు పొడుస్తుంది, ముందు గుంకుతుంది. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే చీకట్లు ముసురుకుంటాయి. హైదరాబాద్ అలవాటులో పది గంటలకు బయల్దేరిన కుటుంబానికి చేతిలో సగం రోజే మిగులుతుంది. కాబట్టి మొదటి పడవ పట్టుకోండి. పెద్దవాళ్లు ఎలాగూ నాలుగున్నరకే లేచి కూర్చుంటారు. ఈ ఒక్క చోట వాళ్ల అలవాటు మొత్తం ఇంటికి కలిసొస్తుంది.

సెల్యులార్ జైలును అదే రోజు సాయంత్రానికి తోసేయకుండా మరో రోజు పొద్దుట పెట్టుకోమని నా సలహా. 1906కి కట్టడం పూర్తయిన ఆ జైలుకు ఏడు రెక్కలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. అల్లూరి సీతారామరాజు మన్యం పోరాటంలో పట్టుబడ్డవాళ్లలో కొందరిని తీసుకొచ్చి బంధించింది ఇక్కడే. తడిబట్టలతో, ఆకలితో, ఉప్పునీటికి మండే కళ్లతో చూసే చోటు కాదది. రాత్రి షో ఒక్కటే చూద్దామనుకునేవాళ్లుంటే వాళ్ల పేర్లు పొద్దున టిఫిన్ దగ్గరే రాసుకుని, అన్ని టికెట్లే తీసుకోండి. వెళ్లనివాళ్లతో గదిలో ఎవరుంటారో, వాళ్లకు భోజనం ఎక్కణ్నుంచి వస్తుందో కూడా అప్పుడే తేల్చండి. రాత్రి మాత్రలు వేసుకునేవాళ్లు షోకి వెళ్తుంటే ఆ మాత్రలు గదిలో వదిలేయకుండా వాళ్ల సంచిలోనే పెట్టండి, షో అయ్యి, ఆటో దొరికి, అన్నం తినేసరికి తొమ్మిది దాటుతుంది.